ఎండాకాలంలో చిన్న విమానంతో కొండల మీది ఎయిర్‌పోర్టుకా? ముందు ఇవి చూసుకోండి

డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని బట్టి విమానం ఎంత ఎత్తులో ఉన్నట్టు పనిచేస్తుందో ఆ ఎత్తు) లెక్క కట్టకుండా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. 8,000 అడుగుల ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 1 డిగ్రీ. ఆ రోజు 25 డిగ్రీలుంటే, పెరిగిన ప్రతి డిగ్రీకీ దాదాపు 120 అడుగులు కలపాలి. అంటే మీ విమానం 11,000 అడుగుల పైన ఉన్నట్టే లెక్క. పలచటి గాలిలో రెక్క, ప్రొపెల్లర్, ఇంజన్ మూడూ ఒకేసారి నీరసపడతాయి.

సగం రన్‌వే దాటేసరికి టేకాఫ్ వేగంలో 70 శాతం అందకపోతే ఆపేయండి. ఆ సగం ఎక్కడో, ఏ గుర్తు పక్కనో ముందే చూసి పెట్టుకోండి. పరుగు మొదలయ్యాక వెతికే టైం ఉండదు.

టర్బో లేని పిస్టన్ ఇంజన్ అయితే మాన్యువల్ ప్రకారం టేకాఫ్‌కు ముందే మిక్స్చర్ లీన్ చేయండి, అంటే గాలిలో కలిసే ఇంధనం తగ్గించండి. ఫుల్ రిచ్‌లో, అంటే ఇంధనం పూర్తిగా వదిలితే, ఉన్న కాస్త పవరూ పోతుంది.

దిగేటప్పుడు నేల సర్రున వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. కంగారుపడి వేగం తగ్గించకండి, స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేవు. మీటర్ చూపే వేగాన్నే నమ్మండి.

పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నానికి లోయల్లో గాలి లేస్తుంది.

కొండ వరసను 45 డిగ్రీల కోణంలో దాటండి. గాలి కిందికి తోస్తే తేలిగ్గా వెనక్కి తిరగొచ్చు.

గో-అరౌండ్‌కు (దిగకుండా మళ్లీ పైకి లేచిపోవడానికి) దారుందో లేదో తప్పక కనుక్కోండి. నేపాల్‌లోని లుక్లాలో రన్‌వే 527 మీటర్లే, చివర కొండ. అక్కడ చివరి అప్రోచ్‌లోకి వచ్చాక దిగి తీరాల్సిందే.