రాజమండ్రి చేతి పెన్ను చేయించుకునే ముందు

రిటైర్మెంటుకో, పెళ్ళికో ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) పెన్ను కానుకిద్దామనుకునేవాళ్ళకి. రాజమండ్రి 1932 నుంచి రత్నం కంపెనీ పెన్నులు చేస్తున్న ఊరే, కాదనను. అయినా ఇవి చూసుకోండి.

– చెక్కించే పేరు కాగితం మీద రాసివ్వండి, ఫోన్లో చెప్పొద్దు. చెక్కాక వెనక్కి తీసుకోరు. మా బావగారి పెన్ను మీద ‘శర్మ’ కాస్తా ‘వర్మ’ అయి సొరుగులోనే ఉండిపోయింది.

– పాళీ మీ చేత్తో, మీరు రోజూ వాడే కాగితం మీద రాసి చూడండి. మన వొత్తులకి సన్నపాళీయే నయం. లావుపాళీతో ‘లక్ష్మి’ రాస్తే సిరా ముద్దే మిగులుతుంది.

– సిరా డ్రాపరుతో పోయాలా, కన్వర్టరు (సిరా పీల్చుకునే చిన్న గొట్టం) ఉందా అడగండి. డ్రాపరు రకంలో సిరా అడుక్కి దిగాక చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి, పాళీ దగ్గర బొట్టు కక్కుతుంది. తెల్లచొక్కా వాళ్ళు మరీ జాగ్రత్త.

– ముహూర్తం దగ్గరపెట్టుకుని ఆర్డరివ్వకండి. లేతు మీద తిప్పి, పాలిష్ పట్టే పని.

– వేడినీళ్ళతో కడగొద్దు, ఎండలో పెట్టొద్దు. నల్ల ఎబొనైట్ గోధుమరంగుకి తిరుగుతుంది.