ఇంగ్లండ్‌లో క్లబ్ నడకలు – 4వ పాఠం: తడి రోజున టైమ్ లెక్క

మ్యాప్ మీద దూరం కొలవడం, ఎక్కాల్సిన ఎత్తు కూడటం గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ రెండు అంకెలే ఈ పాఠానికి ముడిసరుకు.

శరదృతువులో మొదటిసారి నడక క్లబ్‌తో నడవబోయే మనవాళ్లు వాన గురించే టెన్షన్ పడుతుంటారు. వానకు జాకెట్ ఉంది. అసలు చిక్కు చీకటితో. అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. నవంబర్ మధ్యకు, ఇంగ్లండ్ మధ్యలోని కొండ ప్రాంతమైన పీక్ డిస్ట్రిక్ట్‌లో నాలుగు దాటిన కాసేపటికే పొద్దు గుంకుతుంది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఐదున్నర దాటినా ఇంకా వెలుగుంటుంది కదా, ఆ అలవాటు మనల్ని మోసం చేస్తుంది.

అందుకే లెక్క. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రాన్ని ఇప్పటి కొలతల్లో ఇలా వాడుతున్నారు: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అదే ప్రాంతంలో ఈడేల్ లోయ నుంచి 517 మీటర్ల మామ్ టోర్ కొండ మీదుగా ఒక చుట్టు నడక అనుకుందాం. మ్యాప్ మీద 12 కిలోమీటర్ల దూరం, 420 మీటర్ల ఎత్తు వచ్చాయనుకోండి. దూరానికి 2 గంటల 24 నిమిషాలు, ఎత్తుకు 42 నిమిషాలు. మొత్తం 3 గంటల 6 నిమిషాలు.

ఇది పొడి నేల మీద, ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. దిగడానికి ఇందులో అదనంగా ఏమీ లేదు. తడి రోజున నాకు కనిపించే పెద్ద లోటు ఇదే. మామ్ టోర్ మీద బాటకు రాతి పలకలు పరిచారు. తడిస్తే అవి జారతాయి. పక్కనే కాసిల్టన్ ఊరి దగ్గరి లోయ, కేవ్ డేల్‌లోనైతే అడుగుల రాపిడికి నున్నబడిన సున్నపురాయి. అక్కడ దిగేటప్పుడు ఒక్కో అడుగూ చూసుకుని వేయాలి. ఇక దున్నిన పొలంలో బంకమట్టి బూట్లకు అంటుకుని కాళ్లు బరువెక్కుతాయి. పొలానికి అడ్డంగా పోయే, అందరికీ నడిచే హక్కున్న కాలిబాట అయిన ఫుట్‌పాత్‌ను దున్నితే, మొదటిసారి దున్నిన నాటి నుంచి 14 రోజుల్లో రైతు దాన్ని మళ్లీ నడవడానికి వీలుగా చేయాలని చట్టం ఉంది. మీరు వెళ్లేటప్పటికి ఆ గడువు ఇంకా ముగియకపోవచ్చు, కాబట్టి బురదను లెక్కలో వేసుకోవాలి. నేనైతే పావు వంతు కలుపుతాను: 47 నిమిషాలు. ఇప్పుడు 3 గంటల 53 నిమిషాలయింది.

తర్వాత ఆగే సమయం. గోడలు, కంచెలు దాటించే మెట్లను అక్కడ స్టైల్ అంటారు. పదిహేనుమంది గుంపులో ఒక్కొక్కరికి అర నిమిషం పట్టినా ఒక్క స్టైల్ దగ్గరే ఏడెనిమిది నిమిషాలు పోతాయి. చివర నడిచే బ్యాక్‌మార్కర్ దాటేదాకా ముందున్న లీడర్ ఆగాలి. ఆగకపోతే గుంపు రెండుగా చీలిపోతుంది. వెనకబడ్డవాళ్లు తొందరలో తడి మెట్ల మీద జారుతారు. అందుకే ఎప్పుడూ అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి వేగంతోనే లెక్క కట్టండి, ఇందులో మొహమాటం వద్దు. స్టైల్స్‌కు 20 నిమిషాలు, భోజనానికి 30 వేసుకుంటే మొత్తం 4 గంటల 43 నిమిషాలు.

ఇక్కడి నుంచి వెనక్కి లెక్కించండి. పొద్దు గుంకడానికి గంట ముందే, అంటే మూడింటికల్లా నడక ముగియాలి. అంటే 10:15కే బయలుదేరాలి. మీ రైలు పదింటికి ముందే ఈడేల్ చేరేలా చూసుకోండి. టార్చ్ ఎలాగూ సంచిలో ఉండాలి, కానీ దాన్ని నమ్ముకుని బయలుదేరే టైమ్ జరపొద్దు.

దారి మధ్యలో తొందరగా దిగిపోయే చోటు ఒకటి మ్యాప్ మీద గుర్తు పెట్టుకోండి. ఈ నడకలో అది హోలిన్స్ క్రాస్. అక్కడి నుంచి ఈడేల్‌కు నేరుగా దారి ఉంది. అక్కడికి అరగంట ఆలస్యంగా చేరితే మిగతాది వదిలేసి దిగండి.

అభ్యాసం: 10 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎత్తు, తడి నేల, ఆగడానికి 50 నిమిషాలు. క్లబ్ బయలుదేరేది 11:30కి, పొద్దు గుంకేది నాలుగింటికి. గంట వెలుగు మిగులుతుందా? మిగలకపోతే ఎన్ని కిలోమీటర్లు తగ్గించాలో కట్టండి. జవాబు 5వ పాఠం మొదట్లో.