వీల్డ్ ఊసరవెల్లికి పంజరం, నీరు, మేత

మన ఊళ్లలో ఊసరవెల్లి అని చూపించేవాటిలో చాలావరకు తొండలే. అసలైన ఊసరవెల్లికి భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉన్నందున, తోటలో దొరికినదాన్ని ఇంట్లో పెంచడం నేరం. అందువల్ల ఇక్కడ చెప్పేదంతా అమెరికా వంటి చోట్ల, పంజరాల్లోనే పుట్టి చట్టబద్ధంగా అమ్ముడయ్యే వీల్డ్ ఊసరవెల్లి గురించి. అక్కడ కూడా హవాయిలో దీనిని పెంచకూడదు. ఇది యెమెన్, సౌదీ అరేబియాలకు చెందిన జాతి. నెత్తిమీద నిలువుగా లేచిన డిప్ప దీని గుర్తు, మగది తోకతో కలిపి ఒకటిన్నర నుంచి రెండు అడుగుల వరకు పెరుగుతుంది.

ఎదిగిన ఊసరవెల్లికి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న జాలీ పంజరం కావాలి. చెట్టుమీద బతికే జీవి తనకంటే ఎత్తులో ఉన్న మనిషిని శత్రువుగానే చూస్తుంది కాబట్టి, పై కొమ్మ మన కంటికి పైన ఉండేలా పంజరాన్ని బల్లమీద నిలపాలి. ఒక పంజరంలో ఒక్కటే ఉండాలి; జంట కడితే తోడు దొరుకుతుందనుకోవడం మన ఊహే. అడ్డంగా, ఏటవాలుగా రకరకాల మందం గల కొమ్మలు కట్టి, దాక్కోవడానికి మందార, ఫైకస్ (మర్రి, రావి జాతి) వంటి మొక్కలను కుండీలతో సహా లోపల పెట్టాలి. ఇది ఆకులను కూడా కొరుకుతుంది గనుక పురుగుమందు చల్లిన మొక్కలు పనికిరావు. అడుగున పొట్టు, బెరడు ముక్కలు పరచకుండా ఖాళీగా వదిలేయడమే మేలు.

మేతకంటే ముందు చూడవలసింది వెలుతురు. అతినీలలోహిత కాంతి అందకపోతే, ఎంత మేత పెట్టినా శరీరం కాల్షియాన్ని పట్టుకోలేక ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. కిటికీ అద్దం ఆ కాంతిని ఆపేస్తుంది కాబట్టి ఎండపొడ పడే గదిలో ఉంచినంత మాత్రాన సరిపోదు. యూవీబీ అనే ఆ అతినీలలోహిత కాంతిని ఇచ్చే టీ5 రకం సన్నని ట్యూబులైటును జాలీ పైన అమర్చి, దానికి సుమారు ఎనిమిది, తొమ్మిది అంగుళాల కింద ఎండ కాచుకునే కొమ్మ ఉండేలా చూడాలి. ట్యూబు వెలుగుతున్నట్టే కనిపించినా అందులోని యూవీబీ క్రమంగా తగ్గిపోతుంది గనుక ఏడాదికొకసారి మార్చాలి. వేడి బల్బు కింద మగదానికి 29 నుంచి 31 డిగ్రీల సెల్సియస్, ఆడదానికి 27 డిగ్రీలు చాలు. పగలు పన్నెండు గంటలు వెలిగించి, రాత్రి ఎర్ర బల్బు సహా అన్నీ ఆర్పేయాలి.

గిన్నెలో నిలిచిన నీటిని ఇది సాధారణంగా తాగదు. ఆకులమీద జారే చుక్కలను నాకుతుంది. తెల్లవారుజామున, రాత్రి దీపాలు ఆరాక రెండేసి నిమిషాలు తుంపర కొట్టి, పగలు కొంతసేపు ఆకులమీద చుక్కచుక్కగా నీరు పడే ఏర్పాటు చేయాలి. మధ్యలో పంజరం పూర్తిగా ఆరాలి, ఎప్పుడూ తడిగా ఉంటే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. విసర్జనలో మలంతోపాటు మూత్రంగా వచ్చే గట్టి ముద్ద తెల్లగా ఉంటే నీరు అందుతున్నట్టు, నారింజ రంగుకు తిరిగితే దాహంతో ఉన్నట్టు. కళ్లు లోతుకు పోయి పగలే మూసుకుంటుంటే వెంటనే సరీసృపాలను చూసే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి.

మేతగా మిడతజాతి కీచురాళ్లు, డూబియా బొద్దింకలు, పట్టుపురుగులు మార్చిమార్చి పెట్టవచ్చు. పురుగు వెడల్పు ఊసరవెల్లి రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పెట్టడానికి ఒకరోజు ముందు ఆ పురుగులకే ఆకుకూరలు, క్యారెట్ బాగా మేపి, పెట్టేటప్పుడు విటమిన్ డి3 లేని కాల్షియం పొడి పలుచగా అద్దాలి. డి3, విటమిన్లు ఉన్న పొడి నెలకు రెండుసార్లు సరిపోతుంది. పిల్లలకు రోజూ మేత కావాలి. ఏడాది దాటినదానికి రోజు విడిచి రోజు మూడు నుంచి ఐదు పురుగులు చాలు. ఇంకొక్క ముద్ద తినమని బతిమాలే మన అలవాటు ఇక్కడ ప్రమాదం, ముఖ్యంగా ఆడదాని విషయంలో.

మగతోడు లేకపోయినా ఆడ ఊసరవెల్లి గుడ్లు పెడుతుంది, మేత, వేడి ఎక్కువైతే వాటి సంఖ్య పెరిగిపోతుంది. అందుకే ఒక అడుగు లోతున తడి ఇసుక నింపిన తొట్టిని పంజరంలో ఎప్పుడూ ఉంచాలి. తవ్వే చోటు దొరకకపోతే గుడ్లు లోపలే నిలిచి ప్రాణం పోవచ్చు. తవ్వడం మొదలుపెట్టగానే పంజరానికి గుడ్డ కప్పి తప్పుకోవాలి, మనిషి కనబడితే పని మధ్యలోనే ఆపేస్తుంది. గుంత పూడ్చి తిరిగి కొమ్మెక్కాక ఎక్కువసేపు నీరు చిలకరించి, కాల్షియం అద్దిన పురుగులను కొన్ని రోజులపాటు కాస్త ధారాళంగా పెట్టాలి.