ఎలక్ట్రానిక్ సంగీతం వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఫిల్టర్ ఎక్కడ తెరుచుకుంటోంది?

కిందటి పాఠంలో లెక్క పట్టడం నేర్చుకున్నాం. నాలుగు దెబ్బలు ఒక బార్, ఎనిమిది బార్లు ఒక ఖండం. పాట నడుస్తుంటే తడబడకుండా ముప్ఫై రెండు దాకా లెక్కపెట్టగలిగితే ఈ పాఠానికి మీరు సిద్ధం. ఇంకా తడబడుతుంటే ముందు ఆ సాధనే కొనసాగించండి. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ లెక్క మీదే నిలబడుతుంది.

ఈసారి మన చేతిలోని ఆల్బమ్ 'హోమ్‌వర్క్'. డాఫ్ట్ పంక్ ద్వయం తొలి స్టూడియో ఆల్బమ్ ఇది, 1997 జనవరిలో వచ్చింది. పారిస్‌కు చెందిన తొమా బాంగాల్టేర్, గీ-మాన్యుయెల్ ద ఓమెమ్-క్రిస్తో దీన్ని బాంగాల్టేర్ ఇంటి పడకగదిలో అమర్చుకున్న పరికరాలతో తయారుచేశారు. ఇందులో పదహారు ట్రాకులున్నాయి. ఈ పాఠానికి ఏడోది, 'అరౌండ్ ద వరల్డ్', ప్రధానం. చివర్లో ఇంకో రెండు ట్రాకుల దగ్గరికి వెళ్దాం.

ఆల్బమ్‌లో ఈ పాట ఏడు నిమిషాల పైచిలుకు ఉంటుంది. అందులో ఉన్న మాటలు మూడే. యంత్రం గుండా పంపిన గొంతు ఆ మూడు మాటలనే 144 సార్లు అంటుంది. మొదటిసారి విన్నవాళ్లు చాలామంది 'ఇందులో ఏమీ జరగడం లేదే' అంటారు. నిజానికి ఇందులో ప్రతి పదహారు సెకన్లకూ జరిగేది చాలా ఉంది. అది రాగంలో జరగదు, మాటల్లో జరగదు. ఏ పొర (అంటే పాటలోని ఒక్కో వాద్యం లేదా గొంతు) లోపలికి వచ్చింది, ఏది బయటికి వెళ్లింది, ఉన్న పొర ఎంత తెరుచుకుని ఉంది అన్న మూడింటిలోనే కథంతా నడుస్తుంది. ఈ పాఠంలో మనం సాధించాల్సింది ఆ మూడింటినీ పట్టుకునే చెవి.

ముందు ఫిల్టర్ సంగతి. మనిషి చెవికి దాదాపు 20 హెర్ట్జ్ (సెకనుకు 20 కంపనాలు) నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. కిక్ డ్రమ్ (దబ్‌మనే పెద్ద డ్రమ్) బరువంతా కింది వంద హెర్ట్జ్ లోపు ఉంటుంది. హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) చిటపటలు కొన్ని వేల హెర్ట్జ్ పైన ఉంటాయి. లో-పాస్ ఫిల్టర్ ఒక గీత గీసి, దానికి కింద ఉన్నదాన్ని వెళ్లనిచ్చి పైనున్నదాన్ని అణిచేస్తుంది. ఆ గీతను కటాఫ్ అంటారు. పక్కింట్లో పాట పెడితే గోడ ఇవతల మనకు దబ్‌దబ్ మాత్రమే వినిపిస్తుంది కదా, గోడ చేసేదీ ఇదే పని. ఇక్కడ ఆ గోడను తిప్పడానికి ఒక నాబ్ ఉంది. దాన్ని మెల్లగా తిప్పుతూ పోతే, వాయించేది ఏమీ మారకుండానే పాట మనవైపు నడిచి వస్తున్నట్టు ఉంటుంది. ఆ కాలపు ఫ్రెంచ్ హౌస్ అనే నృత్య సంగీతానికి ప్రాణం ఈ నాబ్‌లోనే ఉందని నా అభిప్రాయం.

'అరౌండ్ ద వరల్డ్' మొదలవడమే ఇలా మూసుకుపోయిన శబ్దంతో మొదలవుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. ఫోన్ స్పీకర్ పనికిరాదు, కింది స్వరాలను అది దాదాపుగా వినిపించదు. పాట మొదలుపెట్టి బీట్ సంగతి వదిలేసి శబ్దం రంగు మీదే చెవి పెట్టండి. దబదబల మధ్యలోంచి పదును ఎప్పుడు తొంగిచూసింది? చప్పట్ల లాంటి దెబ్బ స్పష్టంగా విడివడింది ఎప్పుడు? ఫిల్టర్ పూర్తిగా తెరుచుకుందని మీకు అనిపించిన క్షణంలో బల్ల మీద ఒక దెబ్బ వేయండి. మళ్లీ మొదటినుంచి వినండి. రెండోసారి కూడా మీ దెబ్బ అక్కడే పడితే చెవి కుదిరినట్టే.

ఇక పొరలు. పాట వేగం నిమిషానికి సుమారు 121 దెబ్బలు. అంటే ఒక బార్‌కు రెండు సెకన్లు, ఖండానికి పదహారు. ప్రతి ఖండం చివర ఒక ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు ఏది లేదు? కొత్తగా వచ్చిన శబ్దాన్ని ఎవరైనా గమనిస్తారు, అది తనంతట తానే చెవిని లాగుతుంది. తప్పుకున్న శబ్దాన్ని గమనించడానికే సాధన కావాలి. బేస్ (కింది స్వరాల వాద్యం) ఆగిపోయిన చోట గొంతు హఠాత్తుగా దగ్గరైనట్టుంటుంది. గొంతు మారలేదు, దాని కింద నేల తీసేశారు, అంతే.

ఈ సాధనకు ఈ పాటకే మిషెల్ గోండ్రీ తీసిన వీడియో గొప్ప సాయం. సంగీతాన్ని కళ్లకు ఇంత నిజాయితీగా చూపించిన వీడియోలు అరుదు. అందులో నర్తకులు ఐదు గుంపులు, ఒక్కో గుంపుకు ఒక్కో వాద్యం. రోబోలు గొంతు. మెట్లెక్కి దిగే క్రీడాకారులు బేస్. ఈత దుస్తుల్లోని అమ్మాయిలు సింథసైజర్, అస్థిపంజరాలు గిటార్, మమ్మీలు డ్రమ్ మెషీన్. ఒక విడతలో ఒక గుంపునే చూడండి, మిగతావాళ్ల మీదికి చూపు పోనివ్వకండి. క్రీడాకారులతో మొదలుపెట్టడం తేలిక, స్వరం పైకి వెళ్తే వాళ్లూ మెట్లెక్కుతారు. తర్వాత కళ్లు మూసుకుని అదే పొరను చెవితో వెంబడించండి. అస్థిపంజరాల పొర అన్నింటికన్నా కష్టం, దాన్ని చివరికి ఉంచుకోండి. వీడియోలో పాట నిడివి తక్కువ కాబట్టి ఆల్బమ్ రూపంతో దాన్ని నిమిషాలవారీగా పోల్చొద్దు.

ఇప్పుడు ఆల్బమ్ చివరి ట్రాక్ 'ఫంక్ యాడ్'. నాలుగో ట్రాక్ 'డా ఫంక్'నే తిరగేసి వినిపిస్తారు ఇందులో. ఒక నిమిషం కూడా ఉండదు, చాలామంది దాటేస్తారు. మనకు మాత్రం ఇది బంగారం. ముందుగా 'డా ఫంక్'లో డ్రమ్ దెబ్బను వినండి: ఒక్కసారిగా పుట్టి, తోక వదులుతూ సన్నగిల్లిపోతుంది. 'ఫంక్ యాడ్'లో ఆ తోకే ముందొస్తుంది, శబ్దం ఉబ్బుతూ వచ్చి టక్కున తెగిపోతుంది. స్వరాలు అవే, పరికరాలు అవే, అయినా వాద్యాలను గుర్తుపట్టడం ఎంత కష్టమవుతుందో చూడండి. ఒక శబ్దాన్ని మనం పోల్చుకునేది చాలావరకు దాని పుట్టుకను బట్టే. మొదటి క్షణం చేజారితే పియానో కూడా పియానోలా వినిపించదు.

వచ్చే పాఠానికి ముందు రోజుకొకసారి చాలు, 'అరౌండ్ ద వరల్డ్' పూర్తిగా వినండి. ప్రతిసారీ ఒకే పొరను ఎంచుకుని, అది ఎన్నో ఖండంలో వచ్చిందో, ఎన్నో ఖండంలో తప్పుకుందో కాగితం మీద గీతలుగా వేసుకోండి. అయిదు పొరలూ అయ్యాక గీతలన్నింటినీ ఒకదాని కింద ఒకటి పేర్చితే పాట నిర్మాణం మొత్తం మీ చేతిలో ఉంటుంది. ఆ కాగితం దాచిపెట్టండి, ఐదో పాఠం దానితోనే మొదలవుతుంది. అందులో 'డా ఫంక్' దగ్గరే ఆగి రోలాండ్ టీబీ-303 గురించి మాట్లాడుకుందాం. బేస్ గిటార్‌కు బదులుగా అమ్మాలని చేసి అమ్ముడుపోని ఆ చిన్న పెట్టె స్వరాన్ని ఎలా జారుస్తుందో, ఎలా గీరుతుందో అక్కడ విందాం.