రోమ్ పతనం: ఏ పుస్తకం ముందు, ఏది తర్వాత

రోమ్ పతనం గురించి చదవాలనుకున్న వాళ్లలో చాలామంది నేరుగా ఎడ్వర్డ్ గిబ్బన్ రాసిన ‘డిక్లైన్ అండ్ ఫాల్ ఆఫ్ ద రోమన్ ఎంపైర్’ దగ్గరికి వెళతారు. ఆరు సంపుటాలు, 71 అధ్యాయాలు. నాలుగో అధ్యాయానికే ఓపిక చచ్చిపోతుంది. 1776–88 మధ్య వచ్చిన ఆ రచన గొప్పదే, కానీ ఈనాటి వాదనలకు మూలమైన తవ్వకాల ఆధారాలు ఆయన కాలంలో లేవు. ఆయన్ని చివరికి ఉంచండి. మేరీ బియర్డ్ ‘ఎస్‌పీక్యూఆర్’ (2015) కొన్నా ఈ విషయం దొరకదు, అది క్రీ.శ. 212 దగ్గర ఆగిపోతుంది. రోమ్ ఎలా ఎదిగిందో తెలియడానికి మాత్రం అదే మంచి మొదలు.

పుస్తకం తెరిచే ముందు ఒక కాగితం మీద ఈ సంవత్సరాలు రాసుకోండి. 376: హూణుల దెబ్బకు గోత్‌లనే జర్మానిక్ జనం సరిహద్దు నది డాన్యూబ్ దాటి వచ్చారు. 378: ఏడ్రియనోపుల్ యుద్ధంలో చక్రవర్తి వాలెన్స్ హతుడయ్యాడు. 406: వాండల్‌లనే మరో జర్మానిక్ జనం, వాళ్లతో మరికొందరు రైన్ నది దాటారు. 410: గోత్‌ల నాయకుడు అలారిక్ రోమ్‌ను దోచాడు. 439: ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ వాండల్‌ల చేతికి పోయింది. 468: దాన్ని తిరిగి గెలవడానికి వెళ్లిన రోమన్ నౌకాదళం నాశనమైంది. 476: సేనాని ఓడోయాసర్ పశ్చిమ చక్రవర్తి, చిన్నవాడైన రోములస్‌ను గద్దె దించాడు. కింద 1453 అని పెద్దక్షరాల్లో రాయండి. సామ్రాజ్యం అప్పటికే తూర్పు, పశ్చిమాలుగా చీలి ఉంది; కూలింది పశ్చిమమే, తూర్పు సామ్రాజ్యం కాన్‌స్టాంటినోపుల్‌లో అంతకాలం బతికింది మరి.

ఎవరు ఏ కారణం చెప్పినా ‘అలాగైతే తూర్పు ఎందుకు కూలలేదు?’ అని అడగండి. క్రైస్తవమే కారణమంటే, తూర్పున క్రైస్తవులు ఇంకా ఎక్కువ. సీసపు గొట్టాల నీళ్ల విషమంటారా, ఆ గొట్టాలు రోమ్ మహావైభవంగా ఉన్నప్పుడూ ఉన్నాయి. మనకు భలే నచ్చే వాదన ఇంకోటుంది: బంగారమంతా మనదేశానికి తరలిపోయిందని. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) ఇండియాకు పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు, నాగార్జునకొండలో రోమన్ నాణేలూ దొరికాయి. కానీ ప్లినీది 1వ శతాబ్దం. పైగా ఆ వ్యాపారం నడిచింది ఈజిప్టు రేవుల మీదుగా, అంటే కూలకుండా నిలబడిన తూర్పు సగం మీదుగా. జర్మన్ చరిత్రకారుడు అలెగ్జాండర్ డెమాంట్ 1984లో, రోమ్ పతనానికి జనం చెప్పిన 210 కారణాల జాబితా వేశాడు. ఈ ఒక్క ప్రశ్నతో అందులో చాలా రాలిపోతాయి.

ఇక అసలు చదువు. కథాక్రమం కోసం ముందు పీటర్ హెదర్ ‘ద ఫాల్ ఆఫ్ ద రోమన్ ఎంపైర్’ (2005). ఆయన లెక్క సూటిగా ఉంటుంది: హూణుల ఒత్తిడితో కొత్త జనం లోపలికొచ్చారు, భూములు పోయాయి, పన్నులు పోయాయి, సైన్యానికి జీతాల్లేవు. అందుకే ఆయనకు 410 కంటే 439 ముఖ్యం. పశ్చిమానికి ఆఫ్రికా పన్నులూ ధాన్యమూ ప్రాణం.

వెంటనే పీటర్ బ్రౌన్ ‘ద వరల్డ్ ఆఫ్ లేట్ యాంటిక్విటీ’ (1971) చదవండి. పతనం అన్న మాటే పక్కనపెట్టి, 150–750 మధ్య మతం, సంస్కృతి ఎలా మారాయో చూపిస్తాడాయన. దానికి జవాబుగా బ్రయాన్ వార్డ్-పెర్కిన్స్ ‘ద ఫాల్ ఆఫ్ రోమ్ అండ్ ద ఎండ్ ఆఫ్ సివిలైజేషన్’ (2005). బతుకు నిజంగానే దిగజారిందంటాడు, ఆధారాలు: కుండలు, పెంకులు, నాణేలు, చివరికి పశువుల సైజు కూడా. రోమన్ ఇటలీలో గొడ్లపాకకు సైతం పెంకుల కప్పుండేదట. తర్వాత పెంకు గొప్పవాళ్ల కట్టడాలకే పరిమితమైంది. బ్రిటన్‌లో 5వ శతాబ్దంలో కుమ్మరిసారె మీద కుండ చేయడమే ఆగిపోయింది.

తప్పు జరిగేది ఇక్కడే. బ్రిటన్ ఆధారం చదివి సామ్రాజ్యమంతా చీకటైందనుకుంటాం. బాగానే బతికిన సిరియా పల్లెల గురించి చదివి ఎక్కడా ఏమీ కాలేదనుకుంటాం. నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: ఏ ప్రాంతం, ఏ సంవత్సరాలు, ఏ ఆధారం, ఏ నిర్ణయం. అలా చూస్తే సగం వాదన బ్రౌన్, వార్డ్-పెర్కిన్స్ ఇద్దరూ వేర్వేరు చోట్ల గురించి మాట్లాడటం వల్లే వచ్చిందని తేలుతుంది. మిగతా సగం నిజమైన గొడవ. దానికి గై హాల్సాల్ ‘బార్బేరియన్ మైగ్రేషన్స్ అండ్ ద రోమన్ వెస్ట్’ (2007) కావాలి: వలసలు పతనానికి కారణం కాదు, దాని ఫలితం అంటాడు. హెదర్‌కు పూర్తిగా ఎదురు. కైల్ హార్పర్ ‘ద ఫేట్ ఆఫ్ రోమ్’ (2017) వాతావరణాన్నీ మహమ్మారులనూ ముందుకు తెస్తుంది. చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ దాని మీద వచ్చిన విమర్శలు చూడకుండా ఒప్పుకోవద్దు. రెండు సంఘటనలు ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు.

మధ్యలో ఒక్కటైనా ఆనాటి వాడి రాత చదవండి. 4వ శతాబ్దపు రోమన్ చరిత్రకారుడు అమ్మియానస్ రాసిన చరిత్రలో 31వ పుస్తకం చాలు. డాన్యూబ్ దాటి ఆకలితో అల్లాడుతున్న గోత్‌లకు రోమన్ అధికారులు కుక్కల్ని పోగుచేసి అమ్మారని, ఒక్కో కుక్కకు ఒక్కో మనిషిని బానిసగా తీసుకున్నారని రాశాడు. రెండేళ్లకే ఏడ్రియనోపుల్. పెంగ్విన్ ముద్రణలో కొన్ని భాగాలు తీసేశారు. పూర్తి పాఠం లోబ్ గ్రంథమాల మూడు సంపుటాల్లో ఉంది.

ఇప్పుడు గిబ్బన్. మొత్తం అక్కర్లేదు: 1–3, 15–16, 31 అధ్యాయాలు, 38 చివరనున్న సాధారణ పరిశీలనలు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పాఠంలో మిల్మన్ అనే మతాధికారి ఫుట్‌నోట్లలో గిబ్బన్‌తో తగాదా పడుతుంటాడు, ఏ మాట ఎవరిదో చూసుకుంటూ చదవండి. కొనేటట్లయితే వుమర్స్‌లీ సంపాదకత్వంలోని పెంగ్విన్ మూడు సంపుటాల ముద్రణ తీసుకోండి.