తాగుడు మానాలంటే ఏఏ మీటింగ్‌కి ఎలా వెళ్లాలి?

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నడుపుకునే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. దాన్ని అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టారు. మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు, ఫారం లేదు, ఆధార్ అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు. ఇంత తేలికైన పనిని కూడా చేజేతులా చెడగొట్టుకునేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

1. ముందు డాక్టర్

పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణికేవాళ్లు, రోజూ బాగా తాగేవాళ్లు సొంతంగా ఒక్కసారే ఆపకూడదు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి లేనివి కనిపించవచ్చు. ప్రాణం మీదికి కూడా వస్తుంది. దీన్ని ఏ మీటింగూ ఆపలేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎక్కడికెళ్లాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానెయ్యమని గ్రూపులో ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

2. గ్రూపు వెతకడం

ఏఏ ఇండియా వెబ్‌సైట్లో మీ ఊరు చూడండి, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. అవతల ఎత్తేది సాధారణంగా తాగుడు మానిన మనిషే. తెలుగు మీటింగ్ కావాలని అడగండి. ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. మొదటిసారి మీ వీధిలో గ్రూపుకి వెళ్లకండి, రెండు మూడు కిలోమీటర్ల అవతల చూసుకోండి. తెలిసినవాళ్లు కనిపిస్తారన్న టెన్షన్‌తో గేటు దగ్గరే వెనక్కి తిరిగినవాళ్లు చాలామంది.

చాలా మీటింగులు చర్చి గదుల్లోనో స్కూళ్లలోనో జరుగుతాయి. గది అద్దెకు దొరికింది కాబట్టి అక్కడ పెడతారు, అంతే. మతం మార్చే పనేమీ లేదు. వాళ్ల మాటల్లో దేవుడు వస్తాడు, ఏ దేవుడో మీ ఇష్టం.

3. లోపల కూర్చోవడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. పది నిమిషాలు ముందు వెళ్లండి. ఆలస్యంగా వెళ్తే అందరి కళ్లూ మీ మీదే పడతాయి. రెండో వరసలో కూర్చోండి. చివరి వరస తలుపుకి దగ్గర, అది వద్దు. బావమరిదిని వెంటబెట్టుకుని రావద్దు, ఆయన పక్కనుంటే మీ నోటి నుంచి నిజం రాదు. ఆ రోజు తాగి ఉన్నా సరే వెళ్లండి. మాట్లాడకుండా వింటే చాలు, ఎవరూ గెంటరు.

ఒక్కొక్కరూ పేరు చెప్పి, 'నేను ఆల్కహాలిక్‌ని' అని తమ కథ చెబుతారు. అడిగితే మీరు పేరు మాత్రం చెప్పి 'ఇవాళ వింటాను' అనండి. అది తప్పు కాదు.

అసలు ప్రమాదం వినడంలో ఉంది. ఎవరో లేచి ఉద్యోగం పోయింది, భార్య పుట్టింటికి వెళ్లిపోయింది, పొలం అమ్మేశానని చెబుతాడు. వెంటనే మీ బుర్ర లెక్కలు వేస్తుంది: నాకు ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది, నేను శనివారాలే తాగుతాను, నేను వీళ్లలా కాదు. ఆ లెక్క పూర్తయ్యేసరికి మీరు వైన్ షాపు ముందు ఉంటారు. ఆయన పోగొట్టుకున్నవి లెక్కపెట్టకండి. మొదటి పెగ్గు పడ్డాక ఆయనకు ఏమవుతుందో వినండి. ఆపలేకపోవడం, దాచడం, ఇంట్లో అబద్ధాలు, పొద్దున్న సిగ్గు. వాటిలో మీది ఏదైనా ఉందా? పొలం సంగతి తర్వాత.

చందా పెట్టె మీ దాకా వస్తే మొదటిసారి ఏమీ వేయనక్కర్లేదు. అయిపోగానే చెప్పుల్లో కాళ్లు పెట్టి జారుకోకండి. ఒక కప్పు టీ తాగి ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. మగవాళ్లు మగవాళ్ల దగ్గర, ఆడవాళ్లు ఆడవాళ్ల దగ్గరే తీసుకోవాలి. మీటింగ్‌లో విన్నది బయట చెప్పకండి, వాట్సాప్ స్టేటస్ అసలే వద్దు.

4. మళ్లీ వెళ్లడం

మూడు వేర్వేరు గ్రూపులు చూడకుండా 'నాకు పడలేదు' అనకండి. ఊళ్లో గ్రూపు లేకపోయినా, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నా ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి.

పిల్లల మీద ఒట్టు వేసి మానతామనేవాళ్లు ఉంటారు. అయ్యప్ప మాల వేసి 41 రోజులు చుక్క ముట్టనివాళ్లూ ఉంటారు. భక్తిని తక్కువ చేయడం లేదు. మాల తీసిన సాయంత్రం సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఏఏలో జీవితాంతం మానతానని ఎవరూ అనిపించరు, ఇవాళ ఒక్కరోజు తాగకుంటే చాలంటారు. అందుకే నాకు ఇదే నమ్మకం.

ఇంట్లోవాళ్లకు

తాగే మనిషిని లాక్కొచ్చి కూర్చోబెట్టకండి. ఆయన రాకపోయినా మీరు వెళ్లడానికి ఆల్-ఆనాన్ అని కుటుంబసభ్యుల గ్రూపు వేరే ఉంది. ఆయనకు తెలియకుండా పప్పులో తాగుడు మాన్పించే పొడి కలపకండి. అందులో డైసల్ఫిరామ్ అనే మాత్ర పొడి ఉండి, ఆ పైన ఆయన మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణాపాయం కావచ్చు. ఆ మాత్ర డాక్టర్ రాయాలి, ఆయన తెలిసి ఒప్పుకుని వేసుకోవాలి.