ఉగ్గుగిన్నె, పాలసీసా, పళ్ల రింగు: మన నీళ్లతో, మన ఎండలో ఎలా వాడాలి?

పసిబిడ్డ పాల సామాను సంగతి మన దగ్గర నీళ్లతోనే మొదలుపెట్టాలి. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ (ఎక్కువైతే పళ్లను, ఎముకలను పాడుచేసే లవణం) ఎంత కష్టం తెచ్చిందో చెప్పక్కర్లేదు. పాలమూరు పల్లెల్లోనూ బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. సీసా ఎంత మంచిదైనా అందులో పోసే నీళ్లు మంచివి కాకపోతే లాభం లేదు.

ముందు నీళ్లు

కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినవాటిలో అది ఇంకా చిక్కబడుతుంది. ‘బాగా మరిగించినం కదా’ అని బోరు నీళ్లతో పాలపొడి కలపడం మన ప్రాంతంలో జరిగే పెద్ద పొరపాటు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అయితే పెద్దవాళ్లు ఆ నీళ్లను కొంతే తాగుతారు, పాలపొడి మీద పెరిగే బిడ్డకు రోజంతా అదే ఆహారం. బరువుతో పోల్చి చూస్తే బిడ్డ ఒంట్లోకి వెళ్లేది చాలా ఎక్కువ. తల్లి ఏ నీళ్లు తాగినా తల్లిపాలలోకి వచ్చే ఫ్లోరైడ్ అతి స్వల్పం. ఆరు నెలలు తల్లిపాలే చాలని, వేసవిలో కూడా నీళ్లు తాగించక్కర్లేదని డాక్టర్లు చెప్పే మాట మన దగ్గర రెట్టింపు విలువైనది.

పాలపొడి తప్పనిసరైతే మిషన్ భగీరథ (ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే ప్రభుత్వ పథకం) కింద వచ్చే కృష్ణా నీళ్లు గానీ, ఆర్వో యంత్రంలో వడకట్టిన నీళ్లు గానీ వాడండి. ఆర్వో ఫ్లోరైడ్‌ను బాగా తగ్గిస్తుంది. కానీ ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్ లోపల ఎవరు ఎప్పుడు కడిగారో తెలియదు, కాబట్టి ఆ నీళ్లను కూడా మరిగించాలి. ఇంట్లో బోరు తప్ప దిక్కు లేకపోతే నీళ్లను ఒకసారి పరీక్ష చేయించుకోండి. రుచి చూసి ఫ్లోరైడ్‌ను కనిపెట్టలేం.

ఉగ్గుగిన్నె ఎందుకు మేలు

చెంచా, గిన్నె, ఉగ్గుగిన్నె పాత పద్ధతులని పక్కన పెట్టేస్తున్నారు గానీ, పసిబిడ్డకు పైనుంచి పాలు పట్టాలంటే వాటికన్నా శుభ్రంగా ఉంచుకోగలిగిన సాధనం లేదు. సీసాకు మూత, రింగు, పాలపీక, గాలి వెళ్లే వాల్వు అని నాలుగైదు భాగాలుంటాయి. ఒక్కోదాని మలుపులో పాలు ఇరుక్కుంటాయి. ఉగ్గుగిన్నె ఒక్కటే ముక్క. నెలలు నిండకుండా పుట్టి, చీకే బలం లేని బిడ్డలకు ఆసుపత్రుల్లో పాలు పట్టేది కూడా ఇలాంటి గిన్నెతోనే. స్టీలుదో వెండిదో తీసుకోండి. ఇత్తడి వద్దు, పాలు తగిలితే ఆ లోహం పాలలోకి దిగుతుంది.

పట్టే తీరు: బిడ్డను ఒడిలో కాస్త నిటారుగా కూర్చోబెట్టి, మెడ వెనక అరచేయి ఆనించండి. గిన్నెలో సగం దాకానే పాలు పోయండి. గిన్నె ముక్కును బిడ్డ కింది పెదవి మీద, నోటి మూలన ఆనించి కొద్దిగా వంచితే పాలు పెదవికి తగులుతాయి. బిడ్డ నాలుకతో తీసుకుని మింగుతుంది. మింగాక మళ్లీ వంచండి. గొంతులోకి పోయకూడదు. పొలమారడం దాదాపు ఎప్పుడూ తొందరపడి పోయడం వల్లే. ఏడుస్తున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు అసలే పట్టొద్దు. అయ్యాక గిన్నె ముక్కు లోపలి సన్నటి కాలువను చిన్న బ్రష్‌తో తోమాలి. చివర కాచి ఆరబెట్టాలి.

పత్తి ఏరడానికి పోయే తల్లులకు కూడా ఇదే పనికొస్తుంది. పొద్దున్నే చేతులు సబ్బుతో కడుక్కుని, కాచిన వెడల్పు మూతి స్టీలు గ్లాసులోకి పాలు పిండి మూతపెట్టి వెళ్తే, ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. చల్లని గదిలో ఆ పాలు నాలుగు గంటలు నిలుస్తాయి. ఏప్రిల్, మే ఎండల్లో అంత నమ్మొద్దు, ఫ్రిజ్ ఉంటే వెంటనే అందులో పెట్టి 24 గంటల్లో వాడేయండి. వేడి చేయాలంటే గ్లాసును గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టండి, పొయ్యి మీద పెట్టి కాచొద్దు.

సీసా కొనేటప్పుడు

గాజుది, స్టీలుది, లేదా పాలీప్రొపిలీన్‌ది తీసుకోండి. పాలీప్రొపిలీన్‌కు అడుగున త్రిభుజంలో 5 అంకె ఉంటుంది. గట్టిగా, అద్దంలా మెరిసే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌లో బీపీఏ అనే హానికరమైన రసాయనం ఉంటుంది. పాలసీసాలకు అది వాడకూడదని మన దేశ ప్రమాణం ఐఎస్ 14625 చెబుతుంది. సంతలో ఏ గుర్తూ లేకుండా అమ్మే సీసా చవకైనా వద్దు. 1992లో వచ్చిన చట్టం ప్రకారం పాలసీసాలకు, పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత శాంపిల్స్ పంచకూడదు. అలా ఎవరైనా అంటగట్టబోతే ‘వద్దు’ అని చెప్పే హక్కు మీకుంది.

సీసా ఒకటి ఉంటే చాలదు. కడిగినది ఆరుతుండగా ఇంకోటి చేతికి రావాలి కాబట్టి కనీసం మూడు, పాలపీకలు నాలుగు ఉండాలి.

పాలపీక రంధ్రం సంగతి జాగ్రత్తగా చూడండి. సీసాను నొక్కకుండా తలకిందులు చేస్తే పాలు సుమారు సెకనుకో చుక్క చొప్పున రాలాలి. ధారలా వస్తే రంధ్రం పెద్దది, బిడ్డ పొలమారుతుంది, దగ్గుతుంది. ఎంత చీకినా రాకపోతే సున్నం పట్టి మూసుకుపోయిందేమో చూడండి. లేదా రింగు మరీ బిగించడం వల్ల గాలి లోపలికి పోక పీక ముడుచుకుపోయి ఉంటుంది, అర చుట్టు వదులు చేస్తే సరిపోతుంది. కాల్చిన సూదితో రంధ్రం పెద్దది చేయడం చాలా ఇళ్లలో చూసే అలవాటే, కానీ అలా చేస్తే ఆ చోట రబ్బరు చిరుగుతుంది, ఆ తునక బిడ్డ గొంతులోకి పోతుంది. గంజి, సెరలాక్ లాంటివి సీసాలో పోసి తాగించడానికే ఈ పని చేస్తారు. ఆరు నెలలు నిండాక తినేది చెంచాతోనే పెట్టాలి, సీసాతో కాదు.

రోజూ పీకను వెలుతురుకు పట్టి, అన్ని వైపులా లాగి చూడండి. జిగటగా మారినా, ఉబ్బినా, రంగు మారినా, చిన్న చీలిక కనిపించినా పారేయండి. పసుపు రంగు లేటెక్స్ పీకలు కాచేకొద్దీ త్వరగా పాడవుతాయి, సిలికాన్ ఇంకొంచెం ఎక్కువ రోజులు వస్తుంది. ఏదైనా రెండు మూడు నెలలకు మించి ఉంచొద్దు.

కడగడం, కాచడం

1. బిడ్డ తాగిన వెంటనే మిగిలిన పాలు పారబోసి, చల్లటి నీళ్లతో జాడించండి. మొదటే వేడి నీళ్లు పోస్తే పాలలోని ప్రొటీన్ గోడకు అంటుకుని గట్టిపడుతుంది.
2. భాగాలన్నీ విడదీయండి. వేడి సబ్బు నీళ్లలో సీసాను పొడవాటి బ్రష్‌తో, పీకను చిన్న బ్రష్‌తో లోపలా బయటా తోమండి. పీకను తిరగవేసి రంధ్రం లోంచి నీళ్లు పిండండి. ఆ బ్రష్ గిన్నెల పీచుతో కలవకూడదు.
3. పాల సామానుకు ప్రత్యేకంగా ఒక గిన్నె పెట్టుకోండి. అడుగున శుభ్రమైన గుడ్డ పరిచి, భాగాలన్నీ మునిగేలా చల్లటి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. సీసా లోపల గాలి బుడగ మిగిలితే ఆ చోటు కాగదు, కాబట్టి ఒకసారి వంచి లోపలికి నీళ్లు నింపండి. గాజు సీసాను మరిగే నీళ్లలో ఒక్కసారిగా వేస్తే పగులుతుంది.
4. నీళ్లు తెర్లడం మొదలయ్యాక పది నిమిషాలు మరగనివ్వండి. పీకలను చివరి ఐదు నిమిషాల్లో వేస్తే త్వరగా పాడవవు.
5. కడిగిన చేతులతోగానీ, కాచిన పట్టకారుతోగానీ తీయండి. కొంగుతో తుడవకండి. విదిలించి, శుభ్రమైన తట్టలో బోర్లించి ఆరనివ్వండి, ఆరాక మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. ఒకరోజు దాటితే మళ్లీ కాచి వాడండి.

బోరు నీళ్లతో కాచే ఇళ్లలో సీసా మీద తెల్లటి పొర వచ్చి, రుద్దినా పోదు. అది మురికి కాదు, నీళ్లలోని సున్నం. కానీ ఆ గరుకులోనే క్రిములు పట్టుకుంటాయి. ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల నీళ్లు కలిపి అరగంట నానబెట్టి, బాగా కడిగి, మంచి నీళ్లతో మళ్లీ కాచండి. వెనిగర్ లేకపోతే నిమ్మరసం వేసిన నీళ్లు పనిచేస్తాయి. వారానికోసారి చేస్తే పొర పేరుకోదు. కాచే నీళ్లు కూడా ఆర్వోవైతే అసలు పొరే ఉండదు.

పాలపొడి కలపడం

పాలపొడి డబ్బా మూసి ఉన్నా లోపల క్రిములు లేవని కాదు, పొడి కాబట్టి వాటిని పూర్తిగా తీసేయలేరు. వాటిని చంపేది వేడి నీళ్లే. నీళ్లు మరిగించి, దించి అరగంట దాటకముందే, అంటే 70 డిగ్రీల కన్నా చల్లారకముందే కలపండి.

ముందు నీళ్లు కొలిచి పోయాలి, తర్వాత పొడి. ఒక్కో చెంచాకు ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లో డబ్బా మీద ఉంటుంది. చాలా డబ్బాలకు 30 మిల్లీలీటర్లకు ఒక చెంచా, కానీ మీ డబ్బా మీద ఉన్నదే ఖాయం. చెంచాను కుప్పగా కాకుండా, కత్తి అంచుతో సమంగా గీసి వేయండి. ‘బలంగా ఉండాలి’ అని ఎక్కువేస్తే బిడ్డ ఒంట్లో నీరు తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది. డబ్బా ఎక్కువ రోజులు రావాలని తక్కువేస్తే బిడ్డ బరువు పెరగదు. చక్కెర, బెల్లం, తేనె ఏవీ కలపొద్దు. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు రాయడం కూడా ప్రమాదమే.

తర్వాత సీసా మూతపెట్టి, మూత మునగనంత చల్లటి నీళ్ల గిన్నెలో నిలబెట్టి చల్లార్చండి. వేసవిలో మేడ మీద సింటెక్స్ ట్యాంకు నీళ్లే వేడిగా వస్తాయి, అప్పుడు కుండ నీళ్లు పోసి పెట్టండి. మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు వేసి చూస్తే గోరువెచ్చగా తెలియాలి. కలిపిన పాలు రెండు గంటల్లో తాగించాలి. బిడ్డ నోరు పెట్టిందంటే గంటలోపే, మిగిలింది పారబోయండి. బస్సులో నల్గొండ నుంచి హైదరాబాద్ పోతున్నా కలిపి తీసుకెళ్లొద్దు. ఫ్లాస్కులో మరిగిన నీళ్లు, చిన్న డబ్బాలో కొలిచిన పొడి వేరువేరుగా పెట్టుకుని అవసరమైనప్పుడు కలపండి.

పండ్లు వచ్చే కాలం

ఆరో నెల అటూ ఇటూగా కింది వరసలో ముందు రెండు పండ్లు కనిపిస్తాయి, నాలుగో నెలలోనూ రావచ్చు, ఏడాదికీ రావచ్చు. చిగురు ఉబ్బుతుంది, చొల్లు కారుతుంది, చేతికి అందింది కొరుకుతుంది. దీనికి శుభ్రమైన వేలితో చిగురు మెల్లగా రుద్దడం అన్నిటికన్నా మంచిది.

బిడ్డ కొరకడానికి పళ్ల రింగు కొంటే ఒకే ముక్కగా పోత పోసిన సిలికాన్ లేదా గట్టి రబ్బరుది తీసుకోండి. లోపల నీళ్లో జెల్లో ఉన్నవి, గింజలు కూర్చినవి, రంగు పూసినవి వద్దు. పది రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు, అంతకన్నా కాస్త పెద్ద ముక్క కూడా ఈ వయసు గొంతుకు అడ్డం పడగలదు. ఫ్రిజ్‌లో పదిహేను నిమిషాలు పెట్టి ఇవ్వండి, ఫ్రీజర్‌లో వద్దు, మంచులా గట్టిపడితే చిగురు కందిపోతుంది. పాలపీక గానీ, రింగు గానీ దారంతో మెడకు కట్టొద్దు. నిద్రలో అది గొంతుకు చుట్టుకుంటుంది. రింగు కింద పడితే సబ్బుతో కడిగి ఇవ్వాలి, దులిపి ఇవ్వకూడదు. కాచవచ్చో లేదో పెట్టె మీద చూడండి.

చిగురుకు పూసే తిమ్మిరి జెల్ డాక్టరు చెప్పకుండా పూయొద్దు. బెంజోకెయిన్ ఉన్నవి రెండేళ్లలోపు పిల్లలకు వద్దని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్డీఏ హెచ్చరించింది. రక్తంలో ఆక్సిజన్ మోసే గుణం దెబ్బతినే ప్రమాదం ఉంది.

‘పండ్లొస్తున్నయ్, మోషన్లు అయితయ్’ అనే మాట వల్ల మన దగ్గర ఎంతమంది పిల్లల చికిత్స ఆలస్యమవుతుందో. పన్ను విరేచనాలు తేదు. ఆ వయసులో కింద పడిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు, కడుపులోకి క్రిములు అలా పోతాయి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పైన జ్వరం, నీళ్ల విరేచనాలు కనిపిస్తే పండ్ల ఖాతాలో వేయకుండా వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టి పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. ఆశా కార్యకర్త దగ్గరా ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటాయి. కళ్లు లోతుకు పోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, మందకొడిగా ఉండి పాలు తాగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు.

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచి మెత్తటి బ్రష్‌ను నీళ్లలో ముంచి రోజుకు రెండుసార్లు తుడవండి. ఫ్లోరైడ్ పేస్టు పెట్టాలా వద్దా అనేది మన ప్రాంతంలో మీరే తేల్చుకోకండి, ఇంట్లో తాగేది ఏ నీళ్లో చెప్పి దంతాల డాక్టరును అడగండి.